ఊరిని ఊడ్చిన ఇల్లాలు

మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉద్యోగాలతో మన తెలుగువాళ్లు బోలెడుమంది స్థిరపడ్డ చోటు అమెరికాలోని సియాటిల్. ఆ నగరాన్ని 1926లోనే ఓ ఇల్లాలు ఏలిందంటే నమ్ముతారా?

ఆవిడ పేరు బెర్తా నైట్ లాండెస్. భర్త యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఇల్లు, పిల్లలు, మహిళా క్లబ్బులు... ఇదీ ఆవిడ లోకం. 1922లో సిటీ కౌన్సిల్‌కి ఎన్నికయ్యేసరికి వయసు యాభై దాటింది.

అసలు కథ 1924లో జరిగింది. మేయర్ ఎడ్విన్ బ్రౌన్ (వృత్తికి పళ్ల డాక్టరు లెండి!) తన పార్టీ మహాసభకని న్యూయార్క్ వెళ్లాడు. కౌన్సిల్ అధ్యక్షురాలు కాబట్టి బెర్తా తాత్కాలిక మేయరయింది. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులవి. అయినా ఊళ్లో సారాకీ, జూదానికీ కొదవలేదు. పోలీసుల్లో వందమంది దాకా అవినీతిపరులున్నారని పోలీసు చీఫే ఒప్పుకున్నాడు. మరి వాళ్లను తీసెయ్యమందావిడ. ఆయన ససేమిరా అన్నాడు. అంతే, ఆయన్నే తీసేసింది! బ్రౌన్ తిరిగొచ్చి చీఫ్‌ని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టాడనుకోండి. కానీ ఊరు ఊరంతా ఆవిడ పేరే మోగిపోయింది.

రెండేళ్లకి మేయర్ ఎన్నికలు. పోటీ ఆ బ్రౌన్ మీదే. ఊరంటే పెద్ద ఇల్లేననీ, ఇల్లు దిద్దుకునే చేతులు ఊరినీ దిద్దగలవనీ బెర్తా ప్రచారం చేసింది. సుమారు 6,000 ఓట్ల ఆధిక్యంతో గెలిచింది. అమెరికాలో ఓ పెద్ద నగరానికి మహిళ మేయర్ కావడం అదే మొదలు.

అర్హత ఉన్నవాళ్లకే పదవులిచ్చింది. అప్పుల్లో ఉన్న ట్రామ్ బళ్ల లెక్కలు చక్కబెట్టింది. పత్రికలు మెచ్చుకున్నాయి. అయినా 1928లో ఓడిపోయింది! గెలిచిన ఫ్రాంక్ ఎడ్వర్డ్స్ పేరు అంతకుముందు రాజకీయాల్లో విన్నవాళ్లే లేరు. డబ్బు బాగా ఖర్చుపెట్టాడు. బెర్తాతో బహిరంగ చర్చకి రమ్మంటే మాత్రం రాలేదు. ఇంత నగరానికి మగ మేయరుండాలన్న మాట జనంలోకి బాగా వెళ్లింది.

నాకనిపిస్తుంది, ఆ 'ఇంటి' మాటే ఆవిడకి రెండువైపులా పదునున్న కత్తి అయిందని. ఊడవడానికి పిలిచారు, ఊడ్చాక ఇంటికి పొమ్మన్నారు. అదే పని మగవాడు చేస్తే పరిపాలన అనేవారు కదూ!

ఆ ఎడ్వర్డ్స్ సంగతంటారా? నగర విద్యుత్ సంస్థ అధిపతిని ఉద్యోగంలోంచి తీసేశాడని 1931లో ఓటర్లే ఆయన్ని పదవిలోంచి దించేశారు. సియాటిల్ మళ్లీ ఓ మహిళను, జెన్నీ డర్కన్‌ని, మేయర్‌గా ఎన్నుకున్నది 2017లో.