వెంట్రుక చెప్పే చక్కెర కబురు

"ఎల్లుండి షుగరు పరీక్ష" అనగానే నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా మన ఇళ్ళల్లో జరిగేది ఒకటే. ఆ రెండు రోజులూ కాఫీలో పంచదార బంద్! రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె. అంకె బాగానే వస్తుంది. ఆ సాయంత్రమే అరిసె ముక్క నోట్లోకి పోతుంది. డాక్టరుగారిని కాదండీ, మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు!

పరగడుపు పరీక్ష ఆ పూట సంగతే చెబుతుంది. వెనకటి నెలల సంగతి చెప్పే సాక్షి మీ జడలోనే ఉందంటే నమ్ముతారా?

జడలో లెక్కలు

వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అది కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. రక్తంలో చక్కెర పెరిగితే కొంత ఆ కెరటిన్‌కు అతుక్కుంటుంది. కుదురు దగ్గరి మూడు సెంటీమీటర్లలో దాదాపు మూడు నెలల చరిత్ర ఉన్నట్టే. 1984లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీనిపై పరిశోధన వెలువడింది.

సూదిపోటు లేదు కదా, కోటప్పకొండలో ఇచ్చే తలనీలాలతోనే పరీక్ష చేయించేద్దామా? ఆగండి! ఎండ, రంగులు, రసాయనాలు వెంట్రుకను మారుస్తాయి. అందరి జుట్టూ ఒకే తీరున పెరగదు. అందుకే ఇది ఇంకా రక్తపరీక్షకు బదులు కాలేదు. జుట్టు చూసి షుగరు చెబుతామని ఎవరన్నా అంటే నమ్మి మందులు మార్చుకోకండి.

ఇప్పటికి నమ్మదగ్గది

హెచ్‌బిఎ1సి అనే రక్తపరీక్ష చేసేది కూడా ఇలాంటి పనే. ఎర్ర కణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి. వాటిలోని హిమోగ్లోబిన్‌కు అతుక్కున్న చక్కెరను బట్టి రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. పరగడుపున వెళ్ళక్కర్లేదు. 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం కింద లెక్క. వ్యాధి ఉన్నవారిలో చాలామందికి 7 లోపు ఉంచాలంటారు. మీకెంత ఉండాలో మీ డాక్టరే చెప్పాలి.

ఒక్క మాట మరవకండి. మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎక్కువ. ఇనుము లోపం ఉంటే ఈ అంకె అసలుకన్నా ఎక్కువ చూపవచ్చు. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా, గర్భంతో ఉన్నా ముందే చెప్పండి.

షుగరు అదుపులో ఉంటే ఏడాదికి రెండుసార్లు, లేకుంటే మూడు నెలలకోసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. పాల లెక్క రాసే క్యాలెండరు మీదే ఆ తేదీ కూడా రాసుకోండి. ఇంటిల్లిపాదికీ వేళకు మందులందించే మీరు, మీ వంతు మరిచిపోతే ఎలా?