ఆరు రాయాలా? పన్నెండు రాయాలా?

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక ఒక యువకుడు నా దగ్గరికొచ్చి జేబులోంచి చిన్న కార్డు తీసి చూపించాడు. ఒక మందుల కంపెనీలో మెడికల్ రెప్రజెంటేటివ్‌గా చేరి అప్పటికి నాలుగు నెలలు. ట్రైనింగులో ఇచ్చిన ఆ కార్డు మీద కంపెనీ విలువలు అచ్చు వేశారు. వాటిలో మొదటిది నిజాయితీ!

‘‘అయ్యగారూ, రోజుకు పన్నెండు మంది డాక్టర్లను కలవాలి. ఎంత తిరిగినా ఆరేడుగురికన్నా దొరకరు. మిగతా పేర్లు మావాళ్లంతా రూములో కూర్చుని రిపోర్టులో రాసేస్తారు. నేను ఆరే రాస్తే మా సీనియర్ అన్న, ‘ఒరేయ్, నువ్వు ఆరు రాస్తే మా పన్నెండు అబద్ధమని తేలిపోదా? మా పొట్ట కొడతావా?’ అన్నాడు. ఇప్పుడు నేనూ పన్నెండే రాస్తున్నా’’ అన్నాడు.

షద్రకు, మేషాకు, అబేద్నెగోల సంగతి గుర్తుచేసి, ప్రార్థన చేసి పంపించాను. అతను తలూపాడే గానీ ముఖంలో సమాధానం కనిపించలేదు. సండే స్కూలు పిల్లలకిచ్చే జవాబే ఇచ్చానని ఇంటికెళ్లాక నాకే అనిపించింది.

ఆ సీనియర్ దుర్మార్గుడేమీ కాదు. అతనూ చేరిన కొత్తలో ఆరే రాసి ఉంటాడు. కొత్తగా చేరినవాడు కంపెనీ విలువలను కార్డు చూసి నేర్చుకోడు, పక్క కుర్చీలో కూర్చున్నవాడిని చూసి నేర్చుకుంటాడు.

అమెరికాలో ఎన్రాన్ అనే పెద్ద ఇంధన వ్యాపార సంస్థ ఉండేది. మహారాష్ట్రలోని దభోల్ విద్యుత్ కేంద్రం వల్ల మన దేశంలోనూ చాలామంది దాని పేరు విన్నారు. గౌరవం, నిజాయితీ, మనసు విప్పి మాట్లాడుకోవడం, శ్రేష్ఠత అనే నాలుగూ తమ విలువలని ఆ సంస్థ చాటుకునేది. 2000 జూలైలో 60కి పైగా పేజీలున్న నీతి నియమావళిని కూడా వెలువరించింది. దానికి ముందుమాట రాసిన ఛైర్మన్ కెన్నెత్ లే, ఒక బాప్టిస్టు బోధకుని కుమారుడు! అప్పులు దాచి లాభాలు చూపించిన లెక్కలు బయటపడి 2001 డిసెంబరులో ఆ సంస్థ దివాలా తీసింది. ఎంతోమంది చదువరుల కళ్ల ముందు నుంచే ఆ లెక్కలు సాగిపోయాయి. ఉద్యోగులకు ర్యాంకులిచ్చి అట్టడుగున ఉన్నవారిని సాగనంపే పద్ధతి ఉన్నచోట ప్రశ్నించడానికి నోరెలా పెగులుతుంది? 2001 ఆగస్టులో ఛైర్మన్‌ను లేఖతో హెచ్చరించిన షెరాన్ వాట్కిన్స్ వైస్ ప్రెసిడెంటు హోదాలో ఉండి కూడా మొదట తన పేరు లేకుండానే రాసింది.

‘భయం’ అని తేల్చేస్తే సరిపోదు. 1950లలో సోలొమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులకు ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానికి సమానమైనది ఏదో చెప్పమన్నాడు. చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. అయితే గదిలో ఒక్కడు తప్ప మిగిలినవారంతా ముందే మాట్లాడుకుని కావాలని ఒకే తప్పు జవాబు చెప్పేవారు. ఇలా పరీక్షకు గురైన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు, ఒక్కసారైనా గుంపు చెప్పిన తప్పునే చెప్పారు. ఉద్యోగం పోయేది లేదు, జీతం తగ్గేది లేదు, అయినా సరే!

సంఘాల్లోనూ ఇదే జరుగుతుంది. యొప్పేలో మేడ మీద దర్శనం చూసినవాడు పేతురు. కొర్నేలీ ఇంట అడుగుపెట్టి, అన్యజనులతో భోజనం చేసి, యెరూషలేములో అందుకు జవాబు చెప్పుకున్నవాడు. అలాంటి పేతురు అంతియొకయలో, యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే అన్యజనుల బల్ల దగ్గర నుంచి లేచిపోయాడు. ఆయన్ను చూసి తక్కిన యూదులు లేచారు. చివరికి బర్నబా కూడా లేచాడు. నన్నెప్పుడూ బాధపెట్టేది ఈ బర్నబాయే. పొలం అమ్మి సొమ్మంతా అపొస్తలుల పాదాల దగ్గర పెట్టినవాడు, ఆ అంతియొకయ సంఘాన్నే ఏడాదిపాటు పెంచినవాడు. నిన్నటిదాకా తమ పక్కన కూర్చుని తిన్న బోధకుడు మౌనంగా మరో బల్ల దగ్గరికి వెళ్తుంటే ఆ విశ్వాసుల గొంతు ముద్ద దిగి ఉంటుందా?

గలతీ పత్రిక రెండవ అధ్యాయంలో పౌలు దీనికి వాడిన గ్రీకు మాటకు ‘కలిసి నాటకమాడటం’ అని అర్థం. వాళ్ల సిద్ధాంతం మారిందని ఆయన అనలేదు, నడక సరిగా లేదన్నాడు. నమ్మకం ఉన్నచోటే ఉంది, కాళ్లు మాత్రం గుంపుతో వెళ్లాయి.

నా సంగతీ చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక కమిటీలో, ఒక పనికని విశ్వాసులిచ్చిన కానుకలను మరో పనికి మళ్లించే తీర్మానం వచ్చింది. నాకది తప్పనిపించింది. కానీ ఎవరూ ఏమీ అనకపోవడంతో సంతకం పెట్టాను. బయటికొచ్చాక ఒక పెద్దాయన, ‘‘నాకూ ఇష్టం లేదు అయ్యగారూ, మీరు మాట్లాడలేదు కదాని ఊరుకున్నా’’ అన్నాడు. ఆయన మౌనం చూసి నేను, నా మౌనం చూసి ఆయన! ఇంకెందరు అలాగే సంతకం పెట్టారో దేవునికే తెలియాలి.

ఆష్ పరీక్షలో మరో సంగతి ఉంది. గుంపులో ఒకే ఒక్కడు సరైన జవాబు చెప్పేలా ఏర్పాటు చేస్తే, లొంగిపోయి చెప్పే తప్పు జవాబులు నాలుగో వంతుకు పడిపోయాయి. ఇది చదివాకే షద్రకు, మేషాకు, అబేద్నెగోల కథ నాకు మరోలా కనిపించింది. ఆ పేర్లను మనమెప్పుడూ ఒకే ఊపిరిలో చెబుతాం. దూరా మైదానంలో అందరూ సాగిలపడుతుంటే వాళ్లు ముగ్గురు నిలబడ్డారు. నాలుగోవాడు కనిపించింది అగ్నిగుండంలోకి వెళ్లాకే. ఆ అబ్బాయికి నేను అగ్నిగుండం గురించి చెప్పాను గానీ ముగ్గురి గురించి చెప్పలేదు.

తర్వాతి ఆదివారం పిలిచి చెప్పాను. ‘‘ఎవరిమీదా ఫిర్యాదు చేయకు. నీలాగే ఇబ్బందిపడేవాడు టీములో ఒక్కడైనా ఉంటాడు, వెదుకు. ఇద్దరూ కలిసి ఉన్నదే రాయండి.’’ రెండు నెలలకు మళ్లీ వచ్చాడు. దొరికినవాడు మన సంఘస్థుడు కాదు, నమాజు తప్పని ఒక ముస్లిం సోదరుడు. ఇద్దరూ కలిసినవారి పేర్లే రాస్తున్నారు. మీటింగులో మేనేజరు ఇద్దర్నీ నిలబెట్టి తిట్టాడు. ఇన్సెంటివ్ రాలేదు. ఇంట్లో నాన్నకు ఇంకా చెప్పలేదట.

‘‘అదంతా ఫర్వాలేదు అయ్యగారూ. మా సీనియర్ అన్న మాతో కలిసి టీ తాగడం మానేశాడు’’ అన్నాడు. ఆ అన్న పేరు అడిగి నా ప్రార్థన పుస్తకంలో రాసుకున్నాను.