తేనెటీగలకు పంచదార పాకం: అపోహలు – వాస్తవాలు

తేనెటీగలు పెంచేవారిని ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న, "పంచదార పెడతారటగా?" అని. ఆ మాటకు జంకి ఆకలి రోజుల్లో కూడా ఈగలకు ఏమీ పెట్టనివారు కొందరు, వేళాపాళా లేకుండా పాకం పోసేవారు కొందరు. ఇద్దరి చేతుల్లోనూ నష్టపోయేవి ఈగలే.

అపోహ: పాకం పెట్టడమంటే తేనెను కల్తీ చేయడమే.

వాస్తవం: ఎప్పుడు పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. పూత కాలంలో, పెట్టె పైన తేనె గది ఉండగా పాకం పోస్తే ఈగలు దాన్నే అరల్లో నింపి మైనంతో మూత వేస్తాయి. అది ముమ్మాటికీ కల్తీయే. చెరకు పంచదార జాడ కార్బన్ ఐసోటోపు పరీక్షలో బయటపడుతుంది కూడా. పూత లేని రోజుల్లో, తేనె గది తీసేసి, కింది పిల్లల గదిలోని ఈగలు బతకడానికి పెట్టేది మాత్రం తిండి. అవి దాచుకున్నది మనం పిండుకున్నాం కనుక అలా పెట్టడం మన బాధ్యత. కొత్త పూత కనబడగానే ఆపేయాలి.

అపోహ: ఈగలకు గడ్డుకాలం చలికాలమే.

వాస్తవం: ఇది చలి దేశాల అనుభవం. బ్రిటన్‌లో ఒక ఈగల కుటుంబం చలికాలం గట్టెక్కడానికి సుమారు 18–20 కిలోల నిల్వ కావాలంటారు. అక్కడి ఈగలు చలికి నిద్రపోవు. రాణి చుట్టూ గుమిగూడి, రెక్కల కండరాలను వణికిస్తూ వేడి పుట్టిస్తాయి. ఆ వేడికి ఇంధనం తేనె. నడి చలి దాటాక, రాణి గుడ్లు పెట్టడం పెరిగి పూలు ఇంకా రాని రోజుల్లోనే ఎక్కువ కుటుంబాలు ఆకలితో చనిపోతాయి.

మన దగ్గర లెక్క వేరు. అరకులో వలిసె పూసేది చలి మొదలయ్యే రోజుల్లోనే. రాజస్థాన్ ఆవచేలు నిండుగా పూసేది డిసెంబరు, జనవరి నెలల్లో. తెలుగు నేల మీద ఈగలు అలమటించేది వానాకాలంలో. ముసురు పట్టిందంటే అవి గడప దాటలేవు. దాటినా పువ్వులోని మకరందం వానకు పలచబడిపోయి ఉంటుంది. దేశవాళీ ఈగలైతే పస్తులుండలేక పెట్టె వదిలి లేచిపోతాయి. ఖాళీ పెట్టె చూసి ఏదో రోగం తగిలిందనుకుంటాం. చాలాసార్లు కారణం ఆకలే.

అపోహ: బెల్లం సహజమైనది, పంచదార కన్నా మేలు.

వాస్తవం: ఈగలకు మేలు కాదు. బెల్లంలోని ఖనిజాలు, మలినాలు వాటి పేగులో అరగకుండా మిగులుతాయి. ఆరోగ్యంగా ఉన్న ఈగ గూట్లో విసర్జించదు. బెల్లం తిన్నదైతే ముసురుకు బయటికి పోలేక విరేచనాల పాలవుతుంది. తెల్ల పంచదారే వాడాలి. బజారులో కొన్న తేనె అసలే పెట్టవద్దు. పిల్ల పురుగులను చంపే ఫౌల్‌బ్రూడ్ రోగ బీజాలు అందులో ఉండవచ్చు, అవి దశాబ్దాలైనా చావవు.

అపోహ: పాకం ఎలా కలిపినా ఒకటే.

వాస్తవం: పిల్లల పెంపకం పుంజుకోవాలంటే నీళ్లు, పంచదార సమానంగా కలపాలి. నిల్వ కోసమైతే ఒక వంతు నీళ్లకు రెండు వంతుల పంచదార. వేడి నీళ్లలో కరిగించి చల్లార్చితే చాలు, మాడనివ్వకూడదు. మాడిన పాకం ఈగలకు విషం. సాయంత్రం, పెట్టె లోపలే పెట్టాలి. పగలు పెట్టినా, బయట ఒలికినా పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి.

అపోహ: పాకం ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

వాస్తవం: పాకం శక్తినే ఇస్తుంది. మాంసకృత్తులు పుప్పొడి నుంచి రావాలి. అది కరువైతే దాది ఈగలు పిల్లలకు మేత తయారుచేయలేవు, రాణి గుడ్లు తగ్గిస్తుంది. అప్పుడు కొవ్వు తీసిన సోయాపిండి, ఈస్టు పాకంలో ముద్ద చేసి చట్రాల మీద పెడతారు.

తేనె తీసేటప్పుడు పిల్లల గదిలోని నిల్వను ముట్టుకోకండి. తొలకరికి ముందే పెట్టెను వెనక నుంచి కాస్త ఎత్తి బరువు చూడండి. తేలిగ్గా లేచిందంటే ఆ సాయంత్రమే పాకం పెట్టండి.