తాళము తీసినను ఆగని ఇంజను

అంబాసిడరు కారు 1958 మొదలు 2014 వఱకు కలకత్తా సమీపమున ఉత్తరపారాలో తయారయినది. తయారీ నిలిచినను, పెద్దలనాటి సొత్తుగా దానిని కాపాడుకొనువారు నేటికిని కలరు. అట్టి పాత పెట్రోలు కార్లలో ఒక వింతజబ్బు కానవచ్చును. తాళము త్రిప్పి కట్టివేసినను ఇంజను నిలువదు. దగ్గుచు, కుదుపుచు, బండినంతయు వణకించుచు మఱికొన్ని క్షణములు తిరుగుచునే యుండును. ఇది బ్యాటరీ దోషమని తలచి దాని తీగ ఊడదీయుట వ్యర్థము. ఏలయన, అప్పుడు లోపల మంట పుట్టించుచున్నది విద్యుత్తు కాదు.

గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి సిలిండరులోనికి పోగా, ప్లగ్గు చిమ్ము నిప్పురవ్వ ఆ మిశ్రమమును అంటించును. తాళము కట్టగానే రవ్వ ఆగును. పెట్రోలు మాత్రము ఆగదు. ఇంజను తిరుగుచున్నంతసేపు కార్బురేటరునుండి దానిని పీల్చుకొనును. లోపల బొగ్గుమసి పేరుకొని ఎఱ్ఱగా కాగియున్నచో ఆ కణికయే రవ్వ పని చేయును. ఆరినదనుకొన్న పొయ్యిలో చితుకులు వేయగా భగ్గున మండుట మీరెఱిగినదే. ఆంగ్లమున దీనిని డీజిలింగు అందురు. ఆ పేరు అంత సరియైనది కాదు. డీజిలు ఇంజనులో మంట పుట్టించునది గాలిని గట్టిగా నొక్కుటవలన కలిగిన వేడిమి.

ఒక్క భేదము గమనింపుడు. దగ్గక, కుదుపక, ఎప్పటివలె నెమ్మదిగా తిరుగుచున్నచో రవ్వయే ఆగలేదన్నమాట. అప్పుడు చూడవలసినది తాళపు స్విచ్చిని, దాని తీగలను.

దగ్గుచు తిరుగుదానికి చికిత్స ఖర్చులేని చోటనే ఆరంభింపవలెను. కొందఱు మేస్త్రీలు మొదటనే ఇంజను విప్పుదమందురు, తొందరపడవలదు. బండి నిలిచియున్నపుడు ఇంజను మిక్కిలి వేగముగా తిరుగుచున్నదేమో చూడుడు. అట్లున్నచో లోనికి పోవు మిశ్రమమును ఎక్కువే. ఇంజను బాగుగా కాగిన పిమ్మట కార్బురేటరు మర చక్కదిద్ది, ఆగిపోనంత నెమ్మదికి తేవలెను. పెక్కు బండ్లకు ఇంతటితోనే నయమగును. కానిచో రవ్వ పడు సమయమును సరిచూపింపుడు. రవ్వ ఆలస్యముగా పడిన ఇంజను ఊరక వేడెక్కును. వేగము తగ్గుటచే మర మఱింత తెఱువవలసివచ్చును, జబ్బు మఱల మొదటికి వచ్చును. రేడియేటరు నీరు, బండికి తగని ప్లగ్గులు, పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన మిశ్రమము, ఇవియు వేడిమికి కారణములే. ఇవన్నియు సరిగానున్నను మానకున్నచో, అప్పుడు మాత్రమే పైమూత విప్పించి మసి గీకింపవలెను.

అంతవఱకు ఒక ఉపాయము కలదు. దూరము నడచివచ్చిన బండిని వెంటనే ఆర్పక, ఒకటి రెండు నిమిషములు నెమ్మదిగా తిరుగనీయుడు. అప్పటికిని దగ్గినచో, బ్రేకు గట్టిగా త్రొక్కి, నాలుగవ గేరు వేసి, క్లచ్చిని మెల్లగా వదలిన ఇంజను నిలిచిపోవును. అది పూర్తిగా నిలుచువఱకు పిల్లలను పంకా చెంతకు పోనీయకుడు.