ఢిల్లీలో విద్యామంత్రి, ఊళ్ళో బడి

పోయిన సంవత్సరం మన తెలుగు బడిలో నాలుగో స్థాయి పిల్లలకు పాఠం చెబుతుండగా ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. "టీచర్ గారూ, ఇండియాలో అందరూ తెలుగు నేర్చుకోవాలని రూల్ ఎవరు పెడతారు? ప్రెసిడెంటా?" అని అడిగాడు. "కాదమ్మా, విద్యామంత్రి" అని చెప్పి ముందుకు వెళ్ళిపోయాను. ఇంటికి వచ్చాక చూసుకుంటే ఆ జవాబు సగమే సరైనది. ఏ విద్యామంత్రి? ఢిల్లీలో ఒకరుంటారు, ప్రతి రాష్ట్రంలోనూ ఒకరుంటారు. ఆ అబ్బాయికి నేను బాకీ పడ్డ మిగతా సగమే ఈ వ్యాసం.

1950లో భారత రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు చదువును ముఖ్యంగా రాష్ట్రాలకే అప్పగించారు. బడి కట్టడం, టీచర్లను నియమించడం, ఏ భాషలో బోధించాలో, పాఠ్యపుస్తకంలో ఏముండాలో నిర్ణయించడం రాష్ట్రం పని. ఢిల్లీ చేతిలో కొన్ని విశ్వవిద్యాలయాలు, ఉన్నత విద్య ప్రమాణాలు మాత్రమే ఉండేవి. 1976లో 42వ సవరణతో చదువు ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. అంటే ఇద్దరూ చట్టాలు చేయవచ్చు. రెండూ ఢీకొంటే మామూలుగా కేంద్రం మాటే నెగ్గుతుంది. అయినా ఊళ్ళో బడి నడిపేది ఈనాటికీ రాష్ట్రమే. ఇక్కడ మన పిల్లల బడిలో ఏదైనా తేడా వస్తే మనం స్కూల్ బోర్డు మీటింగుకు వెళతాం గాని వాషింగ్టన్‌కు వెళ్ళం కదా! కొంచెం అలాంటిదే.

మరి ఢిల్లీలో మంత్రి ఏం చేస్తారు? మొదటి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ కథ చూస్తే తెలుస్తుంది. ఆయన 1888లో మక్కాలో పుట్టారు. బడికి వెళ్ళి చదువుకోలేదు, ఇంట్లోనే తండ్రిగారి దగ్గర, గురువుల దగ్గర చదువుకున్నారు. అలాంటి మనిషి 1947 నుంచి 1958లో చనిపోయేవరకు దేశానికి విద్యామంత్రి! 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవడం, రాయడం వచ్చినవారు నూటికి 18 మందే. ఊరూరా బడి పెట్టమని రాష్ట్రాలను ఆజ్ఞాపించే అధికారం ఆయనకు లేదు. అందుకని తన చేతిలో ఉన్న పని చేశారు: సంస్థలు కట్టారు. ఖరగ్‌పూర్‌లో మొదటి ఐ.ఐ.టి. 1951లో వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఒకప్పుడు వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన విశ్వవిద్యాలయాల మీద 1948లో కమిషన్ వేశారు. ఆ తరువాత యు.జి.సి. ఏర్పడింది. సాహిత్య అకాడమీ 1954లో మొదలైంది. మరుసటి ఏడాదే 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు గాను సురవరం ప్రతాపరెడ్డి గారికి తెలుగులో మొదటి అకాడమీ బహుమతి వచ్చింది. ఆజాద్ పుట్టినరోజు నవంబరు 11ను 2008 నుంచి జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుతున్నారు.

ఇక మన వాడి సంగతి. పి.వి. నరసింహారావు గారంటే ప్రధానమంత్రిగానే అందరికీ గుర్తు. కాని అంతకుముందు ఆయన రెండు చోట్లా విద్యామంత్రి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ శాఖ చూసిన రోజుల్లోనే, 1968లో, కాలేజీ చదువులకు తెలుగులో పుస్తకాలు తేవడానికి తెలుగు అకాడమీ ఏర్పడింది. 1971లో ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల తెరిచారు. పల్లెటూరి పిల్లలు అక్కడే ఉండి చదువుకునే బడి అది. 1985లో కేంద్రంలో విద్యాశాఖ పేరును మానవ వనరుల అభివృద్ధి శాఖగా మార్చినప్పుడు దానికి మొదటి మంత్రి కూడా ఆయనే. 1986 జాతీయ విద్యా విధానం, నవోదయ విద్యాలయాలు ఆ కాలానివే. జిల్లాకొక నవోదయ, ఆరో తరగతిలో ప్రవేశ పరీక్ష, నాలుగింట మూడు వంతుల సీట్లు పల్లె పిల్లలకు. నాకు వీటిలో బాగా నచ్చింది ఒకటుంది. తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లలను ఒక సంవత్సరం వేరే భాష మాట్లాడే ప్రాంతంలోని నవోదయకు పంపిస్తారు. తెలుగు పిల్లలు హిందీ ప్రాంతానికి వెళతారు, అక్కడి పిల్లలు మన జిల్లాలకు వస్తారు. పదునాలుగేళ్ళ పిల్లవాడు తెలియని భాష మధ్య ఎలా ఉంటాడో మన ఇళ్ళలో వేరే చెప్పనక్కరలేదు!

అయితే ఇవే బళ్ళను తమిళనాడు దశాబ్దాల పాటు తమ రాష్ట్రంలో తెరవనివ్వలేదు. వాటితో పాటు హిందీ వస్తుందని వారి అభ్యంతరం. 1968 నాటి త్రిభాషా సూత్రాన్ని కూడా వాళ్ళు ఒప్పుకోలేదు, రెండు భాషలే అన్నారు. బడి పెట్టడానికి స్థలం ఇవ్వవలసింది రాష్ట్రమే మరి. ఢిల్లీ మంత్రి డబ్బు ఇవ్వగలరు, నచ్చజెప్పగలరు, చాలాసార్లు అంతవరకే.

కేంద్రం గట్టిగా చట్టం చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసిన 2009 చట్టం అలాంటిది. 2012 నుంచి 2014 వరకు ఈ శాఖను కాకినాడ ఎంపీ పల్లంరాజు గారు చూశారు. 2020లో శాఖకు తిరిగి విద్యాశాఖ అనే పేరు వచ్చింది. ఆ ఏడాది వచ్చిన కొత్త విధానం కనీసం ఐదో తరగతి వరకు మాతృభాషలో చెప్పమంటుంది, కాని "వీలైనచోట" అనే మాట చేర్చి. ఆ ఒక్క మాటలో ఎంత వెసులుబాటు ఉందో చూడండి.

ఇంతకీ ఆ అబ్బాయి ప్రశ్న. తెలంగాణలో అన్ని బళ్ళలోనూ ఒకటి నుంచి పదో తరగతి వరకు తెలుగు తప్పనిసరి అన్న చట్టం 2018లో వచ్చింది. దాన్ని చేసింది హైదరాబాదులోని శాసనసభ. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బళ్ళను ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని 2019లో ఉత్తర్వులు ఇచ్చిందీ రాష్ట్ర ప్రభుత్వమే. వాటిని 2020లో కొట్టేసింది హైకోర్టు. రెండు చోట్లా ఆ నిర్ణయం ఢిల్లీ మంత్రిది కాదు.

అబ్బాయి ఈ ఏడు ఐదో స్థాయికి వచ్చాడు. సావనీరు అచ్చయి రాగానే ఒక కాపీ అతని చేతికిచ్చి, ఈ పేజీ నాకు చదివి వినిపించమని అడుగుతాను.