బండి నాదే... మరి టైరు?

చీర కొనాలంటే నాలుగు షాపులు ఎక్కి దిగుతాం. అంచు చూస్తాం, కొంగు చూస్తాం, గుమ్మం దగ్గరి వెలుతురులోకి తెచ్చి రంగు చూస్తాం. స్టీలు గిన్నె కొన్నా వేలితో కొట్టి చప్పుడు వింటాం. మరి రోజూ మనల్నీ పిల్లల్నీ మోసే బండికి టైరు కొనేటప్పుడు? ‘‘ఏదో ఒకటి, మంచిది చూసి వేసెయ్ బాబూ’’ అంటాం. ఏడేళ్ళపాటు నేనూ అలా అన్నదాన్నే.

మాది విశాఖపట్నం. ఎంవీపీ కాలనీలో ఇల్లు, ఎన్‌ఏడీ దగ్గర ఆఫీసు. రానూపోనూ ఇరవై కిలోమీటర్లు, 2017లో కొన్న యాక్టివా మీద. అది కాక ఆదివారం పొద్దున్నే నేనూ మా పాపా బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ దాకా వెళ్ళొస్తాం. ఓపిక ఉంటే భీమిలి దాకా. మా వారు దాన్ని పెట్రోలు దండగ అంటారు. నేను గాలిమార్పు అంటాను. ఎవరి మాట వాళ్ళది.

2024 జూలైలో ఒక సాయంత్రం పాపని ట్యూషన్ నుంచి తీసుకొస్తున్నాను. అప్పుడే జల్లు పడి ఆగింది. ఇసుకతోట జంక్షన్ దగ్గర సిగ్నల్ పడితే బ్రేకు వేశాను. మహా అయితే పాతిక స్పీడులో ఉన్నానేమో. జనం దాటడానికి రోడ్డు మీద వేసిన తెల్ల పట్టీల మీదికి వచ్చేసరికి వెనక చక్రం పక్కకి జారింది. ఏమైందో తెలిసేలోపే ఇద్దరం కింద ఉన్నాం. నా మోకాలు చెక్కుకుపోయింది, పాప మోచేయి కొట్టుకుపోయింది. వెనక వస్తున్న ఆటో అతను సమయానికి ఆపాడు కాబట్టి అంతటితో పోయింది. ఆ రాత్రి పాప నిద్రలో రెండుసార్లు ఉలిక్కిపడింది. నాకు నిద్రే పట్టలేదు.

‘‘వాన కదా, జారింది’’ అన్నారు ఇంట్లో అందరూ. నేనూ అదే అనుకున్నాను. మర్నాడు వంగిన హ్యాండిలు సరిచేయించడానికి వెళ్తే మా వీధి చివర పంక్చర్ షాపు బాబాయ్ హ్యాండిలు వంక చూడనే లేదు. బండిని స్టాండు వేసి, వెనక చక్రం తిప్పి, ‘‘దీని మీద పాపని ఎక్కించుకుని తిరుగుతున్నావా అమ్మా?’’ అన్నాడు. సిగ్గుతో తల వంచుకున్నాను. ఆ టైరు మధ్యభాగం నున్నగా ఉంది. నెల కిందటే మా వారు చూసి ‘ఇంకో ఆర్నెల్లు లాగుతుంది’ అన్నారు. నేను సరే అన్నాను. చూడాల్సింది నేను కదా, నడిపేది నేనైనప్పుడు!

బాబాయ్ ఆ రోజు అరగంట సేపు నాకు టైరు చదవడం నేర్పాడు. అవునండీ, చదవడమే.

టైరు గాడుల్లో అక్కడక్కడా అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి. అవి ఎక్కడున్నాయో తెలియడానికి టైరు పక్కభాగంలో చిన్న త్రిభుజమో, ‘టీడబ్ల్యూఐ’ అనే అక్షరాలో ఉంటాయి. అరిగి అరిగి పైభాగం ఆ గట్టుతో సమానమైపోతే టైరు పని అయిపోయినట్టే. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం టూవీలర్‌కి గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు. అంటే ఇంచుమించు మన ఏటీఎం కార్డు మందం. అంతదాకా ఆగడం కూడా మంచిది కాదంటాడు బాబాయ్. వానాకాలం ముందే మార్చెయ్యమంటాడు.

‘‘మరి ఎండాకాలమంతా బాగానే నడిచింది కదా?’’ అనడిగాను. నడుస్తుంది. పొడి రోడ్డు మీద నున్నటి రబ్బరు కూడా పట్టుకుంటుంది. రేసు బళ్ళకి పొడి ట్రాకు మీద గాడుల్లేని టైర్లే వేస్తారు. గాడులు ఉన్నది నీళ్ళ కోసం. రోడ్డుకీ టైరుకీ మధ్య చేరిన నీటిని అవి పక్కలకి తోసేస్తేనే రబ్బరు రోడ్డుని తాకుతుంది. తాకేది కూడా ఎంతనుకున్నారు? ఒక్కో చక్రం కింద మన అరచేతి కన్నా చిన్న చోటు. ఆ రెండు చిన్న చోట్ల మీదే మనమూ, పిల్లలూ, కూరల సంచీ!

ఇంకో సంగతి కూడా అప్పుడే అర్థమైంది. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు మలుపుల్లో బండి ఒక మెట్టు దిగినట్టు కుదుపిచ్చి వంగేది. భయమేసి, నాకే చేతకాదేమో అనుకునేదాన్ని. రోజూ తిన్నటి రోడ్డు మీదే తిరిగే బండికి టైరు మధ్యలోనే అరిగి బల్లపరుపుగా అయిపోతుందట. మలుపులో వంచగానే ఆ బల్లపరుపు అంచు మీది నుంచి గుండ్రటి పక్కకి ఒక్కసారిగా దిగుతుంది. తప్పు నా చేతులది కాదు, టైరుది.

కొత్తదే అక్కా!

ఆ శనివారం ఒక్కదాన్నే టైర్ల షాపుకి వెళ్ళాను. కుర్రాడు లోపల్నుంచి నిగనిగలాడే టైరు తెచ్చాడు. ‘‘చాలా తగ్గించి ఇస్తున్నాం అక్కా’’ అన్నాడు. బాబాయ్ చెప్పినట్టు దాని పక్కభాగం మీద ‘డాట్’ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెల కోసం వెతికాను. కొన్ని టైర్లకి ఒక పక్కే ఉంటుంది, తిప్పి చూడాలి. 1419 అని ఉంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అంటే 2019లో పద్నాలుగో వారం, ఏప్రిల్ మొదట్లో తయారైంది.

‘‘బాబూ, ఇది ఐదేళ్ళ కిందటిది.’’

‘‘కొత్తదే అక్కా! ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదు.’’

తిరగలేదు, నిజమే. కానీ బియ్యం పాతబడితే మేలు గానీ రబ్బరు పాతబడితే కాదు. వాడకపోయినా గట్టిపడుతుంది, పట్టు తగ్గుతుంది. ఆ మాటే చెప్పి ఇంకోటి తెమ్మన్నాను. కౌంటర్ దగ్గరి పెద్దాయన కళ్ళద్దాల పైనుంచి నన్నో చూపు చూసి, లోపలికి కేకేశాడు. ఈసారి మూడు నెలల కిందటిది వచ్చింది. ధర ఒక్కోటి పదిహేను వందల పైచిలుకు. రెండూ మార్పించాను. ముందు టైరు గాడులు బాగానే ఉన్నాయి గానీ అది బండితో వచ్చింది, దానికీ ఏడేళ్ళు. పక్కన సన్నటి పగుళ్ళు కూడా వచ్చాయి. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకే వస్తుంది. వెనకది జారితే ఒక్కోసారి నిలదొక్కుకోవచ్చు, ముందుది జారితే మాత్రం పడినట్టే.

సైజు సంగతి కూడా చెప్పాలి. నా బండివి 90/100-10. వెడల్పు 90 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో నూటికి నూరు, రిమ్ము 10 అంగుళాలు. పక్కనే 53జె అని ఉంటుంది. 53 అంటే ఆ టైరు 206 కిలోలు మోయగలదు, జె అంటే గంటకి 100 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. ఈ మధ్య వచ్చిన స్కూటర్లలో చాలావాటికి ముందు చక్రం 12 అంగుళాలు, వెనకది 10. కాబట్టి పక్కింటావిడకి సరిపోయింది మనకీ సరిపోతుందని కొనకూడదు. ఐఎస్‌ఐ గుర్తు చూడండి. తిరిగే వైపు చూపించే బాణం ఉంటే సరిగ్గా బిగించారో లేదో చూడండి. ట్యూబ్‌లెస్ అయితే వాల్వు కూడా కొత్తది వేయించండి. చిల్లర డబ్బులే.

రోజూ ఆఫీసుకీ, ఆదివారం షికారుకీ ఒకే టైరు సరిపోతుందా అంటే, మన స్కూటర్లకి సరిపోతుంది. నీళ్ళు పోయే గాడులున్న మామూలు రోడ్డు టైరు చాలు. గట్టి రబ్బరుదైతే ఎక్కువకాలం వస్తుంది, మెత్తనిదైతే పట్టు ఎక్కువ, అరుగుదల కూడా ఎక్కువే. తడి రోడ్డుకి భయపడినదాన్ని కనుక నేను మెత్తనిదే తీసుకున్నాను. అయితే బీచ్ రోడ్డు మీద గాలికి ఇసుక వచ్చి పరుచుకున్నచోట ఏ టైరూ కాపాడదు. అక్కడ నిదానంగా, బండి వంచకుండా వెళ్ళాల్సిందే.

మా చెల్లెలి కూతురి కథ వేరు. అది బుల్లెట్ మీద ఫ్రెండ్స్‌తో అరకు వెళ్తుంటుంది. ఎక్కడో ఫోటో చూసి పెద్ద పెద్ద బటన్లున్న టైర్లు వేయిస్తానంది. ‘‘నెలకోసారి అరకు, మిగతా రోజులు సిరిపురం సిగ్నళ్ళే కదే!’’ అన్నాను. మట్టిదారిలో ఆ బటన్లు బాగా పట్టుకుంటాయి. తారు రోడ్డు మీద మాత్రం రొద, అదురు. రోడ్డుని తాకే రబ్బరు కూడా తక్కువే కనుక వానలో పట్టు చాలదు. కంపెనీ సైజు కన్నా వెడల్పుది వేయించాలనీ ఉంది దానికి. రిమ్ముకి తగని వెడల్పు వేస్తే టైరు ఆకారం మారిపోయి బండి మలుపు తిరగడానికి మొరాయిస్తుంది. చివరికి రోడ్డుకే ఎక్కువ పనికొచ్చి మట్టిలో కూడా కాస్త నడిచే రకం తీసుకుంది. పిన్నికి ఫ్యాషన్ తెలీదని మాత్రం నలుగురికీ చెప్పింది.

కొత్త టైర్లు వేయించాక మొదటి నూటయాభై, రెండొందల కిలోమీటర్లూ నెమ్మదిగా నడపమన్నాడు బాబాయ్. కొత్త రబ్బరు పైపొర నున్నగా ఉంటుంది, కాస్త గరుకుదేరాలి. గాలి మాత్రం వారానికోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు చూపిస్తున్నాను. నా బండికి ముందు 22, వెనక ఒక్కదాన్నే అయితే 29, పాప ఉంటే 36. మీ బండి లెక్క మీ పుస్తకంలో ఉంటుంది. పాప మొదటి వారం వెనక కూర్చుని నా నడుము గట్టిగా పట్టుకునేది. ఇసుకతోట వస్తే ఇంకా గట్టిగా. ఇప్పుడు మళ్ళీ కబుర్లు చెప్తోంది.

మొన్న మా పక్కింటి వదిన, ‘‘నాకూ చూసిపెట్టవే ఆ నాలుగంకెలూ’’ అంది. ఇద్దరం సెల్‌ఫోను లైటు వేసుకుని ఆవిడ స్కూటర్ పక్కన గొంతుక్కూర్చున్నాం. ముందు టైరు ఎప్పుడూ మార్చలేదట. పంక్చరే పడలేదు కదా, ఎందుకు మార్చడం అనుకుందట. బురద తుడిస్తే అంకెలు కనబడ్డాయి. 0918.

వదిన వేళ్ళ మీద లెక్కపెట్టింది. ‘‘అంటే మా చిన్నాడు ఒకటో క్లాసులో ఉన్నప్పటిదన్నమాట’’ అంది. లోపలికెళ్ళి పర్సు తెచ్చుకుంది.