బంతి వేయొచ్చు, కప్పు ముట్టకూడదు

విశాఖ పోతినమల్లయ్యపాలెం స్టేడియం అనగానే 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ కొట్టిన 148 పరుగులు గుర్తొస్తాయి. పాత క్రికెట్ సంగతి ఎత్తితే రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకరు 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టు జట్టును నడిపిన తెలుగువాడు సి.కె. నాయుడు. రెండోవారు పక్కనే ఉన్న విజయనగరం రాజకుటుంబం నుంచి వచ్చిన విజ్జీ. ఆయన 1960లో విశాఖ నుంచి లోక్‌సభకు కూడా వెళ్లారు. పల్వంకర్ బాలూ పేరు మాత్రం మన విద్యార్థి సంఘాల సభల్లో కూడా అరుదుగానే వింటాను.

ఆటలో వెలి అంటే మనకు అమెరికా బేస్‌బాల్ గుర్తొస్తుంది. 1884లో ఫ్లీట్ వాకర్ అనే నల్లజాతి ఆటగాడు టొలీడో జట్టులో పెద్ద లీగ్ ఆడాడు. మూడేళ్లకే, 1887 జూలై 14న, ఇంటర్నేషనల్ లీగ్ యజమానులు నల్లవాళ్లతో కొత్త ఒప్పందాలు వద్దని ఓటేసి తీర్మానించారు. పెద్ద లీగుల్లో ఆ పాటి కాగితం కూడా లేదు. యజమానుల మధ్య మాట సరిపోయింది. ఆ మాట 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ మైదానంలో దిగేదాకా చెల్లింది.

మన దగ్గర కులం ఇంకోలా పనిచేసింది. మైదానం తలుపు పూర్తిగా మూయలేదు. అవసరమైనంత మేరకే తెరిచింది.

బాలూ 1876లో ధార్వాడ్‌లో, తోలుపని చేసే చాంభార్ కులంలో పుట్టారు. పూనాలో మొదట పార్శీల క్లబ్బులో నెలకు మూడు రూపాయలకు మైదానం ఊడ్చి, పిచ్‌కు రోలర్ తిప్పారు. తర్వాత తెల్లవాళ్ల పూనా క్లబ్బులో నాలుగు రూపాయల జీతం. అక్కడి దొరల ప్రాక్టీసు కోసం గంటల తరబడి ఎడమచేత్తో స్పిన్ వేసేవారు. బ్యాటు మాత్రం ఆయన చేతికి ఇవ్వలేదు. బ్యాటింగ్ దొరల సరదా, బౌలింగ్ కూలిపని. మన దేశంలో ఏ పనైనా చివరికి ఇలాగే పంపకమవుతుంది.

తెల్లవాళ్లను ఓడించాలని పూనా హిందూ క్లబ్బు అనుకున్నప్పుడు బాలూ కావలసివచ్చారు. తీసుకోవాలా వద్దా అని క్లబ్బు రెండుగా చీలింది. మరాఠీ బ్రాహ్మణులు వెనకాడారు, తెలుగు సభ్యులు కొందరు తీసుకుందామన్నారు. ఇది చదివి మనం పొంగిపోనక్కర్లేదు. తీసుకున్నాక కూడా టీ విరామంలో మిగతావాళ్లకు పెవిలియన్‌లో పింగాణీ కప్పులు, బాలూకు బయట మట్టి ముంత. భోజనానికి వేరే బల్ల, వేరే పళ్లెం. ఆయన విసిరిన బంతిని మాత్రం అందరూ పట్టుకునేవారు. మన ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

బొంబాయి హిందూ జింఖానాలో సహపంక్తి దొరికింది. 1906లో యూరోపియన్ల జట్టును హిందువులు 109 పరుగుల తేడాతో ఓడించారంటే అందులో బాలూ బౌలింగ్‌ది పెద్ద వాటా. 1911లో పాటియాలా మహారాజా జట్టుతో ఇంగ్లండ్ వెళ్లి అన్ని మ్యాచ్‌లలో కలిపి 114 వికెట్లు తీశారు. తిరిగొచ్చాక బొంబాయి దళితులు చేసిన సన్మానంలో మానపత్రం సమర్పించింది యువకుడైన అంబేడ్కర్.

పళ్లెం కలిసింది గానీ కెప్టెన్సీ కలవలేదు. ఏటా ఎవరో ఒక అగ్రకులస్థుడికే ఇచ్చేవారు. 1920లో బాలూను జట్టు నుంచి తప్పించారు. కెప్టెన్ పాయ్ జబ్బుపడితే తమ్ముడు విఠల్‌ను కాదని దేవ్‌ధర్‌కు పగ్గాలిచ్చారు. విఠల్, శివరామ్ ఆడబోమని బయటికొచ్చేశారు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇదే, 114 వికెట్లు కాదు. ఒత్తిడికి తలొగ్గి ఫైనల్‌కు బాలూను వైస్ కెప్టెన్ చేశారు. ఆటమధ్యలో పాయ్ మైదానం వీడినప్పుడు జట్టును నడిపింది ఆయనే. అదే 1920లో, తెల్లవాళ్ల లీగులు రానివ్వని ఆటగాళ్ల కోసం రూబ్ ఫోస్టర్ అమెరికాలో నీగ్రో నేషనల్ లీగ్ పెట్టాడు. అక్కడ వేరే లీగ్, ఇక్కడ ఆట బహిష్కరణ. చివరికి 1923లో విఠల్ హిందువుల కెప్టెన్ అయి యూరోపియన్లను ఓడించారు.

ఇక మన విజ్జీ. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు. కెప్టెన్సీ దక్కింది బ్యాటు వల్ల కాదు, సంస్థానం పలుకుబడి వల్ల. విజయనగరంలో ఆయన పేరుమీద స్టేడియం ఉంది.

బాలూ రాజకీయం మనకు ఇబ్బంది కలిగించే అధ్యాయం. దాచాల్సిన పని లేదు. 1932లో ఆయన ఉమ్మడి నియోజకవర్గాల పక్షాన నిలిచారు. 1937లో కాంగ్రెస్ ఆయన్ను బొంబాయిలో అంబేడ్కర్ మీద పోటీకి నిలిపింది. కెప్టెన్సీ ఇవ్వడానికి తటపటాయించిన సమాజానికి, అంబేడ్కర్‌ను ఓడించే పనికి మాత్రం బాలూ వెంటనే గుర్తొచ్చారు. అంబేడ్కర్‌కు 13,245 ఓట్లు, బాలూకు 11,225 వచ్చాయి.